కాస్తెల్‌బువోనోలో మన్నా కాలం

ఈ ఊరికి వచ్చిన కొత్తలో నా కిటికీకి ఎదురుగా కనిపించే కొండవాలును చూసి అడవి అనుకున్నాను. అది అడవి కాదనీ, అందులోని చెట్లను ఎవరో ఒకరు నాటి పెంచారనీ, ప్రతి వేసవిలోనూ మన్నా అనే తీపి పదార్థం కోసం వాటి మానులను కత్తితో గీస్తారనీ తెలియడానికి దాదాపు నెల రోజులు పట్టింది. ఆ నెల రోజులూ నేను చూసిన అందం నిజమే కానీ, దాని వెనుక ఉన్న మనుషులు మాత్రం నాకు కనిపించలేదు. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ మనుషుల గురించీ, వాళ్ల చేతుల్లో ఉన్న చెట్ల గురించీ.

ఊరి పేరు కాస్తెల్‌బువోనో. ఇటలీకి చెందిన సిసిలీ ద్వీపపు ఉత్తర తీరం నుంచి కాస్త లోపలికి, మదోనియె పర్వతాల పాదాల దగ్గర, సముద్రమట్టానికి 423 మీటర్ల ఎత్తున ఉంటుంది. జనాభా సుమారు 8,000. పలెర్మో నుంచి మెస్సీనాకు వెళ్లే రైలుమార్గం తీరాన్నే అంటిపెట్టుకుని సాగిపోతుంది కనుక ఊళ్లోకి రైలు రాదు. చెఫాలూలో దిగి, మెలికల దారిలో బస్సెక్కి రావాలి. బస్సు పైకి ఎక్కుతున్నకొద్దీ సముద్రం వెనక్కి జరిగి, ఒక మలుపు దగ్గర పూర్తిగా కనుమరుగవుతుంది. ఆ తరువాత కనిపించేదంతా కొండే. అడుగున ఆలివ్ తోటలు, వాటి మధ్యనా పైనా లేత ఆకుపచ్చని చెట్లు, ఇంకా పైకి వెళితే ఓక్, చెస్ట్‌నట్ చెట్లు, ఆపైన బీచ్ అడవులు, అన్నిటికీ మీద తెల్లగా బయటపడిన సున్నపురాయి. ఆ పర్వతాల్లో అన్నిటికంటే ఎత్తయిన పిత్సో కార్బొనారా శిఖరం 1,979 మీటర్లు; సిసిలీలో ఏట్నా అగ్నిపర్వతాన్ని మినహాయిస్తే దీనిని మించిన ఎత్తు లేదు.

మధ్యధరా ప్రాంతపు వాతావరణంలో వానలన్నీ చలికాలంలో పడతాయి, వేసవి దాదాపు పూర్తిగా ఎండిపోతుంది. ఈ సంగతి ఎప్పుడో చదువుకున్నదే అయినా, కళ్లారా చూసినప్పుడు కలిగే ఆశ్చర్యం వేరు. ఇక్కడ నేల పచ్చబడేది నవంబరు తరువాత. జూన్ నెల వచ్చేసరికి గడ్డి గోధుమరంగుకు తిరిగి, నడిచేవారి కాళ్ల కింద విరుగుతుంది. పైన ఉన్న సున్నపురాయి చలికాలపు వాననూ మంచునూ పగుళ్లలోకి మింగేస్తుంది. ఆ నీరు ఎక్కడో అడుగున బంకమట్టి పొర తగిలిన చోట ఊటగా బయటపడుతుంది. ఎండాకాలంలో ఇక్కడ బతికే చెట్టు ఏదైనా లోతుగా వేళ్లు దించగలగాలి, లేదా చాలా కొద్దితో సరిపెట్టుకోగలగాలి. నేను అడవి అనుకున్న ఆ లేత ఆకుపచ్చని చెట్లు అటువంటివే. వాటిని ఇటాలియన్‌లో ఫ్రాసినో అంటారు, ఆంగ్లంలో ఆష్ అంటారు.

చెట్ల దగ్గరికి వెళ్లేముందు ఊరి గురించి కొంత చెప్పాలి. పూర్వం ఇక్కడ ఇప్సిగ్రో అనే బైజాంటైన్ కాలపు పల్లె ఉండేది. 1316లో వెంతిమీలియా వంశపు ప్రభువు ఇక్కడ కోట కట్టడం మొదలుపెట్టాడు. ఊరికి ఇప్పుడున్న పేరు ఆ కోట వల్లనే వచ్చింది, ‘మంచి కోట’ అని దాని అర్థం. కోట లోపలి చిన్న ప్రార్థనా మందిరం గోడల నిండా సెర్పొత్తా సోదరులు మలచిన తెల్లని గచ్చు శిల్పాలు ఉన్నాయి. మరియమ్మ తల్లి అయిన పునీత అన్నమ్మ కపాలంగా భక్తులు కొలిచే అవశేషం కూడా అక్కడే ఉంది. కోట చరిత్రలో నాకు అన్నిటికంటే ఇష్టమైన సంవత్సరం మాత్రం 1920. ఆ ఏడాది ఊరి ప్రజలు చందాలు వేసుకుని, తమను శతాబ్దాల పాటు ఏలిన వంశం కట్టించిన ఆ కోటను కొనుక్కున్నారు. ఇప్పుడది ఊరి ఉమ్మడి ఆస్తి. సాయంత్రం పూట కోట ముందరి చదునులో బంతి ఆడుకునే పిల్లలను చూసినప్పుడల్లా నాకు ఆ చందాల సంగతే గుర్తుకొస్తుంది.

వీధులు ఇరుకు, బండలు పరిచినవి, కొన్ని చోట్ల మెట్లుగా మారిపోయేవి. కొన్ని సందుల్లోకి చెత్త లారీ రాలేదు. 2007 నుంచి ఇక్కడ ఇళ్ల దగ్గర చెత్త సేకరించే పనికి గాడిదలను పెట్టారు. వీపుకు రెండు వైపులా పెట్టెలు కట్టుకుని ఉదయాన్నే అవి సందులు ఎక్కి వస్తాయి. దీన్ని చూడడానికి దూరం నుంచి విలేఖరులు వచ్చారని చెబుతారు కానీ, ఊరివాళ్లకు ఇది వింత కాదు. ఇంత వాలులో బరువు మోయడానికి ఏది తగునో వాళ్లకు తరతరాలుగా తెలుసు. మధ్యాహ్నం ఒంటిగంట దాటాక దుకాణాలు మూతపడతాయి, కిటికీల చెక్క తలుపులు బిగుసుకుంటాయి, వీధిలో పిల్లి కూడా కనిపించదు. నాలుగు దాటాక ఊరు మళ్లీ మెల్లగా కళ్లు తెరుస్తుంది. ఎండ ఎంతటిదో తెలియని కొత్తల్లో నేను ఈ విరామాన్ని సోమరితనం అనుకున్నాను. అది తప్పు. ఉదయం నాలుగున్నరకే మా పక్కింటి పెద్దాయన తలుపు తెరుచుకునే చప్పుడు విన్నాక ఆ అభిప్రాయాన్ని మార్చుకున్నాను.

ఆయనకు డెబ్బై ఆరేళ్లు. జులై మూడో వారంలో ఒకరోజు మెట్ల మీద ఎదురుపడి, ఇంత పొద్దున్నే ఎక్కడికని నేను అడిగితే, “మన్నాకు” అన్నారు. బైబిల్‌లోని నిర్గమకాండంలో ఇశ్రాయేలీయులకు ఆకాశం నుంచి కురిసిన ఆహారం పేరు అది. ఇక్కడ దొరికేది వేరే పదార్థం, పేరు మాత్రం అదే. మర్నాడు నన్నూ తన వెంట రమ్మన్నారు.

ప్రపంచంలో ఆష్ చెట్ల నుంచి మన్నాను తీసే పని ఇప్పటికీ వృత్తిగా సాగుతున్నది కాస్తెల్‌బువోనో, పొల్లీనా అనే ఈ రెండు ఊళ్ల పరిసరాల్లోనే. ఒకప్పుడు సిసిలీలోనూ దక్షిణ ఇటలీలోనూ చాలా చోట్ల ఈ తోటలుండేవి. చెఫాలూ పైన కొండమీద జిబిల్మన్నా అనే పుణ్యక్షేత్రం ఉంది. ఆ పేరులోని మొదటి భాగం కొండ అనే అర్థమున్న అరబ్బీ మాట నుంచి వచ్చిందంటారు. అరబ్బులు సిసిలీని ఏలిన కాలపు మాటలు ఇక్కడి కొండల పేర్లలో ఇంకా మిగిలే ఉన్నాయి.

పని చూడడానికి తేలికగా కనిపిస్తుంది. వంపు తిరిగిన పదునైన కత్తితో చెట్టు బెరడు మీద అడ్డంగా ఒక గాటు పెడతారు. గాటు నుంచి రసం ఊరుతుంది. మొదట అది లేత నీలి ఛాయలో, నాలుకకు చేదుగా ఉంటుంది. ఎండకూ గాలికీ ఆరుతున్నకొద్దీ తెల్లబడి, గట్టిపడి, తీపి తేలుతుంది. కొంత మాను మీదనే పొరలుగా అంటుకుంటుంది, కొంత కారుతూ సన్నని తెల్లని కడ్డీలా వేలాడుతుంది. ఆ కడ్డీలను కన్నోలో అంటారు, వాటికే విలువ ఎక్కువ. కిందికి కారిపోయేది మట్టిపాలు కాకుండా చెట్టు మొదట్లో నాగజెముడు మట్టలను పళ్లేల్లా పరచడం పాత పద్ధతి. ఈమధ్య కొందరు గాటు కింద చిన్న రేకు ముక్క గుచ్చి, దాని నుంచి నైలాన్ దారం వేలాడదీస్తున్నారు; రసం ఆ దారం వెంట దిగి, బెరడు తగలకుండా శుభ్రంగా గడ్డకడుతుంది. పెద్దాయన తోటలో రెండు పద్ధతులూ ఉన్నాయి. దారం పెట్టిన చెట్ల మధ్య ఉదయపు వెలుగులో నిలబడితే, తోటంతా చిన్నచిన్న కొవ్వొత్తులు తలకిందులుగా కట్టినట్టు ఉంటుంది.

గాట్లు నేలకు దగ్గరగా మొదలవుతాయి. రోజుకొకటి చొప్పున, ముందురోజు దాని కాస్త పైన మరొకటి పెట్టుకుంటూ వెళతారు. సెప్టెంబరు వచ్చేసరికి మాను పొడవునా నిచ్చెన మెట్లలాగా గీతలు తేలతాయి. ఒక ఏడాది చెట్టుకు ఒక పక్కనే గీస్తారు, మరుసటి ఏడాది ఇంకో పక్కకు మారతారు, గాయం మానడానికి చెట్టుకు గడువిస్తారు. అందుకే ఇక్కడి ముసలి చెట్ల మానులు నిండా మచ్చలతో, కొన్నిచోట్ల మెలి తిరిగి, ముట్టుకుంటే చెయ్యి ఆగిపోయేలా ఉంటాయి.

ఎప్పుడు మొదలుపెట్టాలన్నది తేదీని బట్టి తేలదు. చెట్టు సిద్ధమైందని చెట్టే చెబుతుందంటారు: ఆకుల మెరుపు తగ్గి రంగు మందగిస్తుంది, మొదట్లో మట్టి మాను నుంచి కొద్దిగా విడిపోయి సన్నని సందు ఏర్పడుతుంది. ఆయన ప్రతి చెట్టు దగ్గరా వంగి, ఆ సందులో వేలు పెట్టి చూశారు. రెండు చెట్లను వదిలేశారు. నాకు వాటికీ మిగిలినవాటికీ తేడా ఎంత చూసినా కనిపించలేదు.

ఆగస్టు మొదట్లో ఒకనాడు కత్తి నా చేతికిచ్చారు. బెరడును దాటి లోపలి కొయ్య తగలకూడదని ముందే చెప్పారు. నేను జాగ్రత్తగానే పట్టాననుకున్నాను, కానీ బెరడు నేననుకున్నంత గట్టిది కాదు, కత్తి నేను ఊహించని లోతుకు దిగింది. తీసి చూస్తే లోపల పాలిపోయిన కొయ్య కనిపించింది. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. వేలితో ఆ గాటును తడిమి, “ఈ పక్క ఈ ఏడాదికి ఇక గీయను” అని, కత్తి తీసుకుని తరువాతి చెట్టు దగ్గరికి నడిచారు. ఆ చెట్టును ఆయన తండ్రి నాటారని ఆ సాయంత్రం ఆయన భార్య చెప్పగా తెలిసింది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మన్నాలో ప్రధానంగా ఉండేది మానిటాల్ అనే పదార్థం. ఆ పేరు మన్నా నుంచే పుట్టింది. 1806లో జోసెఫ్ లూయీ ప్రూస్ట్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త మన్నా నుంచే దానిని వేరుచేశాడు. మెదడు వాచి ఒత్తిడి పెరిగినప్పుడు ఆసుపత్రుల్లో నరానికి ఎక్కించే మందు అదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక ఔషధాల జాబితాలో దానికి చోటుంది. మన్నాను మెల్లగా పనిచేసే విరేచనకారిగా, పసిపిల్లలకు కూడా ఇవ్వదగినంత మృదువైనదిగా ఐరోపా అంతటా వాడేవారు, ఓడల్లో ఎగుమతయ్యేది. ఇరవయ్యో శతాబ్దంలో మానిటాల్‌ను చక్కెరల నుంచి ఫ్యాక్టరీల్లో చవకగా తయారుచేయడం సాధ్యమైంది. ఇక ఎండలో చెట్టు చెట్టునూ వంగి గీసే పనికి ధర ఎక్కడిది? తోటలు ఒక్కొక్కటిగా వదిలేశారు. కొన్నింటిని నరికి ఆలివ్ పెట్టారు, కొన్ని నిజంగానే అడవిలో కలిసిపోయాయి. ఇప్పుడు మన్నాను సహజమైన తీపి పదార్థంగా మిఠాయిల్లో, లేపనాల్లో వాడుతున్నారు. దానివల్ల కొందరు యువకులు మళ్లీ కత్తి పట్టారు, ఇది నాకు ఎంతో సంతోషం కలిగించిన విషయం. కానీ చేసేవాళ్లు కొద్దిమందే. పెద్దాయన కొడుకులు ఇద్దరూ ఉత్తర ఇటలీలో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. ఆగస్టు నెలలో సెలవులకు వచ్చి, వారం పది రోజులు తండ్రితోపాటు తోటకు వెళతారు.

ఇలా వెళ్లిపోయినవాళ్ల కథ సిసిలీ లోతట్టు కొండ ఊళ్లన్నిటిదీ. ఇదే పర్వతాల్లో ఉన్న గాంజీ అనే ఊళ్లో పాడుబడిన ఇళ్లను ఒక యూరోకు ఇవ్వజూపారు, బాగుచేసుకుంటామన్న మాట తీసుకుని. ఇల్లు ఖాళీ అయితే గోడ కూలడం అందరికీ కనిపిస్తుంది. తోట ఖాళీ అయితే మాత్రం పైకి పచ్చగానే కనిపిస్తుంది, ఇంకాస్త దట్టంగా కూడా. నాలాంటి కొత్తవారు దాన్ని చూసి ఎంత బాగుందో అనుకుంటారు.

ఈ కొండలను అంత లోతుగా చూసిన మనిషి ఒకరు ఈ ఊళ్లోనే పుట్టి ఈ ఊళ్లోనే పోయారు. ఫ్రాంచెస్కో మినా పలుంబో, 1814లో పుట్టి 1899లో కన్నుమూసిన వైద్యుడు. రోగులను చూస్తూనే మదోనియె పర్వతాల మొక్కలు, పక్షులు, పురుగులు, పాములు, రాళ్లు అన్నిటినీ సేకరించి, వర్ణించి, బొమ్మలు గీసి భద్రపరిచారు. ఆయన పేరున ఊళ్లో ఒక మ్యూజియం ఉంది. అక్కడ అట్టల మీద అతికించిన ఎండు ఆకుల ముందు నేను రెండు మధ్యాహ్నాలు గడిపాను. ఒకే కొండను జీవితాంతం చూసినా తరగదని నమ్మిన మనిషి ఆయన.

ఆయన నడిచిన దారుల్లోనే ఒకరోజు పియానో పోమో అనే చోటి దాకా ఎక్కాను. అక్కడ హాలీ చెట్లు పొదల్లా కాక, పదిహేను మీటర్ల దాకా ఎదిగి గుంపుగా నిలబడి ఉంటాయి, శతాబ్దాల వయసున్నవి. వాటి లోపలికి వెళితే వెలుతురు ఆకుపచ్చగా మారి, చల్లని నేల వాసన వస్తుంది. కింద ఊళ్లో కీచురాళ్లు గోల పెడుతున్న అదే మధ్యాహ్నం ఇక్కడ నిశ్శబ్దం. ఇదే పర్వతాల్లో పోలిత్సి జెనెరోసా వైపు ఒక లోయలో, ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని ఫర్ చెట్ల జాతి ఒకటి ఉంది. అది పూర్తిగా నశించిందని అనుకున్నాక 1957లో మళ్లీ గుర్తించారు. ఇప్పటికీ సహజంగా ఎదిగిన పెద్ద చెట్లు ముప్ఫై మాత్రమే. ఒక జాతి మొత్తాన్ని వేళ్ల మీద లెక్కపెట్టగలగడం నన్ను కలచివేసింది.

ఎండల గురించి మాట్లాడేటప్పుడు ఇక్కడివారి గొంతు మారుతుంది. 2021 ఆగస్టు 11న సిసిలీ తూర్పు భాగంలో 48.8 డిగ్రీల వేడి నమోదైంది. ఐరోపా ఖండంలో అంతకుమించినది ఎన్నడూ నమోదు కాలేదు. 2023 వేసవిలో పలెర్మో, చెఫాలూ చుట్టుపక్కల కొండలు కాలిపోయాయి. 2024లో కరువు వచ్చి ద్వీపంలో అత్యవసర పరిస్థితి ప్రకటించారు, అనేక ఊళ్లలో వంతులవారీగా నీళ్లు వదిలారు. ఆఫ్రికా ఎడారి నుంచి వచ్చే షిరొక్కో గాలి దక్షిణం నుంచి పర్వతాలు ఎక్కి దిగేసరికి మరింత పొడిగా, మరింత వేడిగా మారి ఇటు ఉత్తరపు వాలు మీద పడుతుంది. అటువంటి రోజున నిప్పురవ్వ ఎక్కడ పడినా ఆపడం కష్టం. చెట్ల కింద గడ్డి కోసి, ఎండు కొమ్మలు ఏరి ఉంచిన తోటలో మంట అంత తేలికగా ఎగబాకదు. వదిలేసిన తోటలో తుప్పలు దానికి నిచ్చెన వేస్తాయి. పెద్దాయన జూన్ నెలంతా గడ్డి కోయడంతోనే గడిపారని నాకు తరువాత అర్థమైంది.

జులై 26 అన్నమ్మ పండుగ. వెండి ప్రతిమను ఊరేగిస్తారు, వీధులకు దీపాల తోరణాలు కడతారు, వలస వెళ్లినవాళ్లు ఇళ్లకు చేరుకుంటారు. ఆ మూడు రోజులూ ఊరు ఊరంతా ప్రధాన వీధిలోనే ఉంటుంది. మా పక్కింటావిడ ఆ పండుగకు ‘తెస్తా ది తుర్కో’ చేసి ఒక గిన్నె నాకు పంపారు: పలుచని పిండి పొరలను వేయించి, మధ్యమధ్యన చిక్కని పాల మీగడ లాంటి పాకం పోసి, పైన దాల్చినచెక్క పొడి చల్లుతారు. గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదన్న మర్యాద నాకు తెలిసినదే కనుక, నేనూ ఒకటి వండి తీసుకెళ్లాను. అప్పటి నుంచి మా రెండు తలుపుల మధ్య ఆ గిన్నె తిరుగుతూనే ఉంది.

మన్నాకు వాన శత్రువు. ఎండిన మన్నా నీటిలో ఇట్టే కరిగిపోతుంది. ఒక్క జల్లు పడితే వారం పని మాను మీదనుంచి జారి మట్టిలో కలుస్తుంది. ఆగస్టు చివరి నుంచి పెద్దాయన రోజుకు పదిసార్లు పడమటి ఆకాశం చూస్తుండేవారు. సెప్టెంబరు రెండో వారంలో ఒక మధ్యాహ్నం పిత్సో కార్బొనారా మీద మబ్బు కమ్మింది. ఆయన, ఆవిడ, నేను, వీధిలో మరో ఇద్దరు, విశ్రాంతి వేళ అన్న మాట మరచి తోటకు పరుగెత్తాం. కడ్డీలను దారాల నుంచి తీసి చెక్క పెట్టెల్లో పేర్చాం, మానుకు అంటుకున్న పొరలను గీకి తీశాం. మూడోవంతు చెట్లు మిగిలి ఉండగానే మొదటి చినుకులు పడ్డాయి. ఆయన కత్తిని గుడ్డతో తుడిచి సంచిలో పెట్టేశారు. అందరం కొట్టం కింద నిలబడి, మిగిలిన తెలుపు మానుల మీద నుంచి కారిపోవడం చూశాం. ఎవరూ ఏమీ అనలేదు. నెలల తరువాత తడిసిన నేల వాసన మాత్రం అందరం గాఢంగా పీల్చుకున్నాం.

వాన వెలిశాక నేను గీసిన చెట్టు దగ్గరికి వెళ్లాను. గాటు అంచులు నల్లబడి, కొద్దిగా లోపలికి ముడుచుకుంటున్నాయి. పెద్దాయన నా వెనకాలే వచ్చి, చెట్టు చుట్టూ తిరిగి, అవతలి పక్క నున్నగా ఉన్న బెరడు మీద అరచెయ్యి ఆనించారు. సిసిలీ భాషలో భవిష్యత్కాలానికి ప్రత్యేకమైన క్రియారూపం వాడుకలో లేదు. రాబోయే కాలాన్ని సూచించే మాట ముందు పెట్టి, వర్తమాన క్రియతోనే చెబుతారు. మన ‘గీస్తాను’లో కూడా అలవాటూ రాబోయేదీ ఒకే మాటలో ఇమిడి ఉండడం వల్ల కాబోలు, ఆయన అన్నది నాకు తెలుగులోనే వినిపించింది.

“వచ్చే ఏడాది ఇటు గీస్తాను” అన్నారు. తరువాత పెట్టెలో నుంచి ఒక చిన్న కడ్డీ విరిచి నా చేతిలో పెట్టారు.